జిల్లా ఆసుపత్రికీ హైదరాబాద్‌కీ అసలు తేడా రాత్రిపూట తెలుస్తుంది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఉత్తర తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలో ఉండే మీ నాన్నగారికి రాత్రి పదకొండింటికి పక్షవాతం వచ్చింది. అరగంటలో ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ బీపీ చూసి, సెలైన్ పెట్టి, హైదరాబాద్‌కి రాసేశారు. తెల్లవారుజామున నగరానికి చేరేసరికి అక్కడి డాక్టర్ “ఇంజెక్షన్ ఇచ్చే టైమ్ దాటిపోయింది” అన్నారు. ఇప్పుడు ఆయన కుడి చెయ్యి లేవడం లేదు. “మా జిల్లాకి మెడికల్ కాలేజీ కూడా వచ్చింది కదా, మరి ఎందుకు పంపేశారు? అమ్మానాన్నల్ని హైదరాబాద్‌కి తెచ్చుకోవడం తప్ప దారి లేదా?” అని అడిగారు.

నేను ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టర్ని. సర్వీసులో ఎక్కువ భాగం జిల్లా ఆసుపత్రుల్లోను, చివరి భాగం హైదరాబాద్‌లో ఒక బోధనాసుపత్రిలోను పనిచేసి రిటైరయ్యాను. కేసులు పంపే చోటా నైట్ డ్యూటీ చేశాను, అవి వచ్చి చేరే చోటా చేశాను. మీ కేసులో ఆ రాత్రి ఏం జరిగిందో చూడకుండా ఫలానా డాక్టర్‌ది తప్పు అని చెప్పను. కానీ ఇలాంటి రాత్రులు ఎందుకు వస్తాయో మాత్రం చెప్పగలను.

ముందు మీ నాన్నగారి జబ్బు సంగతి. మెదడు రక్తనాళంలో గడ్డ కట్టి వచ్చే పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంది. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి, ఎంత ముందిస్తే అంత మంచిది. దానికంటే ముందు సీటీ స్కాన్ తీయాల్సిందే. నాళం చిట్లి రక్తస్రావమై ఉంటే ఇదే ఇంజెక్షన్ ప్రాణం తీస్తుంది. రెండిట్లో ఏదన్నది బయటినుంచి చూసి తేల్చడం కుదరదు. అంటే ఆ రాత్రి పదకొండున్నరకి కావలసినవి ఇవీ: నడిచే సీటీ మిషన్, దాన్ని నడిపే టెక్నీషియన్, ఆ ఫిల్మ్ చదివి చెప్పే మనిషి, ఇంజెక్షన్ ఇవ్వాలని నిర్ణయం తీసుకునే ఫిజీషియన్, ఫ్రిజ్‌లో మందు, ఇచ్చాక కనిపెట్టుకుని ఉండటానికి ఐసీయూలో ఒక బెడ్, ఒక నర్సు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా మిగతావన్నీ ఉండి లాభం లేదు.

మీ జిల్లా ఆసుపత్రిలో పగలు పదకొండింటికి ఇవన్నీ ఉండే అవకాశం ఎక్కువ. నగరాల మధ్య తేడాని మనం పడకల లెక్కలో, భవనాల లెక్కలో, కాలేజీల లెక్కలో చూస్తాం. ఆ లెక్కల్లో చూస్తే గత పదేళ్ళలో తేడా బాగా తగ్గింది. తెలంగాణలో 1959లో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ తర్వాత 2008లో ఆదిలాబాద్ రిమ్స్ వచ్చేదాకా, దాదాపు యాభై ఏళ్ళు, ఒక్క ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా రాలేదు. 2014లో మొత్తం ఐదు ఉండేవి. 2024కి 34 అయ్యాయి. ఆంధ్రలో కూడా 2023లో విజయనగరం, రాజమండ్రి, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో కాలేజీలు మొదలయ్యాయి. ఇది చిన్న విషయం కాదు, అది జరగడం చూసి నేను సంతోషించినవాడినే. కానీ భవనం రెండేళ్ళలో లేస్తుంది. రాత్రి డ్యూటీ చేసే మనుషులు రెండేళ్ళలో తయారు కారు.

దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్ళకి తెలియనిది ఇదే. వారానికి 168 గంటలు. ఒక డాక్టర్ వారానికి 48 గంటలు చేస్తాడనుకోండి. ఆపరేషన్ థియేటర్లో ఎప్పుడూ ఒక మత్తు డాక్టర్ ఉండాలంటే లెక్కప్రకారమే ముగ్గురున్నర మంది కావాలి. సెలవులు, జబ్బులు, కోర్టు సాక్ష్యాలు, శిక్షణలు కలిపితే ఐదుగురు. అదీ ఒక్క టేబుల్‌కి. జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో ఒక్కరో ఇద్దరో ఉంటారు. ఇద్దరున్నారంటే కాగితం మీద ఆ పోస్టులు నిండినట్టే. కానీ ఆ ఇద్దరిలో ఒకరు సెలవులో ఉండి, రెండోవారు ముందురోజు రాత్రంతా పనిచేసి ఉంటే, అర్ధరాత్రి వచ్చిన సిజేరియన్ కేసుకి మత్తు ఇచ్చేవాళ్ళు లేరు. గైనకాలజిస్టు ఉన్నా ఆపరేషన్ చేయడానికి వీలుండదు. పక్క జిల్లాకో నగరానికో పంపుతుంది. బాధపడుతూ పంపుతుంది. అలా పంపినవాళ్ళు తర్వాత నాకు ఫోన్ చేసి “సార్, ఆ అమ్మాయి ఎలా ఉంది?” అని అడగడం నాకు తెలుసు. అందుకే ‘వాళ్ళకి పనిచేయడం ఇష్టం లేదు’ అనే మాటని నేను ఒప్పుకోను.

మరి ఉస్మానియాలోను, గాంధీలోను, విశాఖ కేజీహెచ్‌లోను, కర్నూలు పెద్దాసుపత్రిలోను రాత్రి ఎలా నడుస్తుంది? అక్కడి పెద్ద ప్రొఫెసర్లు రాత్రంతా కూర్చోరు. పీజీలు ఉంటారు. ఎండీ, ఎంఎస్ చదివే పిల్లలు. క్యాజువాలిటీ, లేబర్ రూమ్, ఐసీయూ, థియేటర్, అన్నిటినీ రాత్రిళ్ళు నిలబెట్టేది వాళ్ళే. పై డాక్టర్ ఫోన్లో అందుబాటులో ఉంటారు, అవసరమైతే వస్తారు. కొత్త కాలేజీలో ఇంకా పీజీ సీట్లు రాలేదు, వచ్చినా నాలుగైదు. పీజీ పూర్తిచేసి పనిచేసే సీనియర్ రెసిడెంట్ల పోస్టులు ఖాళీ. అంటే పగలు పాఠాలు చెప్పే కాలేజీ ఉంది, ఓపీ నడుస్తోంది, కానీ సాయంత్రం నాలుగు దాటాక అది పాత జిల్లా ఆసుపత్రే. మీ ఊళ్ళో కాలేజీ వచ్చాక కూడా ఎందుకు పంపేస్తున్నారన్న ప్రశ్నకి నా దృష్టిలో సగం సమాధానం ఇదే. 2025లో జాతీయ వైద్య కమిషన్ తెలంగాణలోని చాలా ప్రభుత్వ కాలేజీలకి ఫ్యాకల్టీ కొరత మీద నోటీసులు ఇచ్చిందంటే, కొరత ఎంతుందో మీరే ఊహించుకోవచ్చు.

డాక్టర్లు ఎందుకు వెళ్ళరు, వెళ్ళినా ఎందుకు ఉండరు? పిల్లల చదువు, భార్యాభర్తల్లో ఇద్దరూ డాక్టర్లయితే ఇద్దరికీ ఒకే ఊళ్ళో పోస్టు దొరక్కపోవడం, ఇవి అందరికీ తెలిసినవే. నాకు ఎక్కువ బాధ కలిగించేది మనం చేతులారా పెట్టుకున్న నియమాలు. ప్రభుత్వ ఉద్యోగికి ఇచ్చే ఇంటి అద్దె భత్యం హైదరాబాద్‌లో 24 శాతం, మారుమూల ఊళ్ళకి వెళ్ళేకొద్దీ తగ్గుతూ 11 శాతం దాకా. అద్దెల లెక్కన అది సరైనదే కావచ్చు. కానీ ఒక న్యూరాలజిస్టుకి ‘ఆదిలాబాద్ వెళ్తే జీతం తగ్గుతుంది’ అని చెప్పి, తర్వాత ఎవరూ దరఖాస్తు పెట్టడం లేదని ఆశ్చర్యపోవడంలో అర్థం లేదు. పైగా నగరంలో కార్పొరేట్ ఆసుపత్రి అదే మనిషికి ఎన్నో రెట్లు ఇస్తుంది. దాంతో చాలామంది హైదరాబాద్‌లో కాపురం ఉంచి అప్ అండ్ డౌన్ చేస్తారు. పొద్దున రైలుకి వచ్చి సాయంత్రం రైలుకి వెళ్ళే డాక్టర్ వల్ల ఓపీకి లోటు ఉండదు. రాత్రికి మాత్రం ఉండదు ఆయన సాయం.

ఇంకొకటి, భయం. చిన్న ఊళ్ళో రిస్క్ కేసు పెట్టుకుని అది చేజారితే యాభై మంది బంధువులు వచ్చి అద్దాలు పగలగొడతారు. డ్యూటీలో ఒక్క డాక్టర్, ఇద్దరు నర్సులు, గేటు దగ్గర ఒక సెక్యూరిటీ. అలాంటి రాత్రి ఒకటి చూసినవాళ్ళు ఆ తర్వాత ప్రతి కష్టమైన కేసునీ పంపేస్తారు. నగరంలో పెద్దాసుపత్రికి ఆ భయం తక్కువ, ఎందుకంటే అక్కడినుంచి పంపడానికి ఇంకో చోటు లేదు.

ఇప్పుడు కాస్త మ్యాపు చూద్దాం. మన రెండు రాష్ట్రాల్లో జనం జబ్బు చేస్తే ఎటు పరిగెడతారో చూస్తే, ఎక్కడ లోటుందో ఏ నివేదికా లేకుండానే తెలిసిపోతుంది. ఆదిలాబాద్‌కి హైదరాబాద్ 300 కిలోమీటర్లు, నాగపూర్ 200. అందుకే ఆదిలాబాద్ వాళ్ళు ఎందరో మహారాష్ట్ర వెళ్తారు. ఇచ్ఛాపురం వాళ్ళకి విశాఖ కంటే ఒడిశాలోని బరంపురం చాలా దగ్గర. హిందూపురం, అనంతపురం నుంచి బెంగళూరుకి. చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీకి, నెల్లూరు నుంచి చెన్నైకి. మరోపక్క కర్నూలు పెద్దాసుపత్రికి గద్వాల నుంచి, కర్ణాటకలోని రాయచూరు, బళ్ళారి వైపు నుంచి వస్తారు. కేజీహెచ్‌కి శ్రీకాకుళం, విజయనగరం, మన్యం జిల్లాలతోపాటు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ఊళ్ళ నుంచి కూడా. 1923లో పెట్టిన ఆసుపత్రి మీద నూరేళ్ళ తర్వాత కూడా అంత భారం ఉంది. రాష్ట్రం విడిపోయినప్పుడు ఆంధ్రకి ఇది ఇంకా బాగా తెలిసొచ్చింది. నిమ్స్, ఉస్మానియా, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నీలోఫర్, పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులు అన్నీ హైదరాబాద్‌లోనే పోగుపడి ఉన్నాయి. విభజన చట్టంలో ఎయిమ్స్ తరహా ఆసుపత్రి రాసుకోవాల్సి వచ్చింది, మంగళగిరిలో అది 2019లో ఓపీ మొదలుపెట్టింది. 2019 నవంబరు నుంచి ఆంధ్ర ఆరోగ్యశ్రీని హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఆసుపత్రుల్లో కూడా చెల్లేలా చేయాల్సి వచ్చింది.

ఆరోగ్యశ్రీ గురించి కూడా ఒక మాట. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది, వెనకబడిన జిల్లాలనే మొదట ఎంచుకున్నారు. దాని వల్ల బతికినవాళ్ళని నేను నా చేతుల మీదుగా చూశాను, అది లేని రోజులూ చూశాను. అయితే బీమా డబ్బు రోగి వెంట వెళ్తుంది, రోగి ఆసుపత్రి ఉన్న చోటికి వెళ్తాడు. శ్రీకాకుళం రోగి కోసం ప్రభుత్వం కట్టిన డబ్బు విశాఖలోనో హైదరాబాద్‌లోనో గుండె రక్తనాళాల పరీక్షలు చేసే ఇంకో క్యాత్ ల్యాబ్ అవుతుంది. తెలంగాణలో పరిమితిని ఐదు లక్షల నుంచి పది లక్షలకి పెంచినా మీ ఊళ్ళో న్యూరాలజిస్టు పుట్టుకురాడు. రోగి ఆపరేషన్‌కి రూపాయి కట్టక్కర్లేదు, నిజమే. కానీ తోడు వచ్చిన ఇద్దరి కూలి పోతుంది, గది అద్దె, తిండి, ఛార్జీలు, ఇంటి దగ్గర పశువుల్ని చూసేవాళ్ళు లేక అమ్ముకోవడం, ఇవేవీ ఏ కార్డులోనూ రావు. క్యాన్సర్‌లో ఇది మరీ ఘోరం. రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు వరసగా పెట్టించుకోవాలి. ఆ మిషన్లు పెద్ద నగరాల్లోనే ఎక్కువ. వరినాట్ల టైములో మూడో వారానికి ‘ఇంటికెళ్ళి వస్తాం’ అని వెళ్ళి తిరిగి రాని ఆడవాళ్ళ కేసు షీట్లు ప్రతి క్యాన్సర్ ఆసుపత్రిలోనూ ఉంటాయి. వైద్యం ఉచితమే, దూరం ఉచితం కాదు.

అన్నీ అన్ని ఊళ్ళలో పెట్టాలని నేను అనడం లేదు. కిడ్నీ మార్పిడి, పసిపిల్లల గుండె ఆపరేషన్లు, అరుదైన కణుతులు, ఇవి రోజూ చేసే చోటే బాగా చేస్తారు. జిల్లాకొకటి పెడితే నెలకి ఒక్క కేసు చేసి చేయి తిరగక రోగికే నష్టం. వీటి కోసం హైదరాబాద్, విశాఖ, తిరుపతి వెళ్ళడంలో అన్యాయం లేదు. అన్యాయమల్లా పాముకాటు, సిజేరియన్, బీపీ పెరిగి ఫిట్స్ వచ్చిన గర్భిణి, గుండెపోటు, పక్షవాతం, తలకి దెబ్బ తగిలిన బైకు యాక్సిడెంట్, ఇవి రోడ్డెక్కి ఆరు గంటలు ప్రయాణం చేయాల్సి రావడం. ఇవి ఆగవు. వీటికి ప్రపంచస్థాయి ఆసుపత్రి కూడా అక్కర్లేదు.

చేయొచ్చని ఎందుకు నమ్ముతున్నానంటే, చేసి చూపించినవి ఉన్నాయి. తెలంగాణ వచ్చిన కొత్తలో ప్రభుత్వ డయాలసిస్ అంటే హైదరాబాద్‌లోని పెద్దాసుపత్రులే. వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు చేయించుకోవాల్సిన మనిషి ఖమ్మం నుంచి వచ్చి వెళ్ళేవాడు, లేదా ఆసుపత్రి గోడ పక్కన గది తీసుకుని బతికేవాడు. ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా కేంద్రాలున్నాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో పల్లెలకి పల్లెలు కుంగిపోతుంటే, అక్కడివాళ్ళు శ్రీకాకుళానికో విశాఖకో తిరిగేవాళ్ళు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. డయాలసిస్ ఎందుకు కుదిరిందంటే, రోజువారీ పని శిక్షణ పొందిన టెక్నీషియన్లు చేస్తారు, నెఫ్రాలజిస్టు పక్కనే ఉండక్కర్లేదు.

పక్షవాతంలో కూడా ఇదే పద్ధతి నడుస్తుంది. హిమాచల్‌ప్రదేశ్ కొండ జిల్లాల్లో న్యూరాలజిస్టులు లేరు. 2014 నుంచి అక్కడ జిల్లా ఆసుపత్రుల్లో సీటీ తీసి, బొమ్మలు ఫోన్లో సిమ్లా, టాండాల్లోని మెడికల్ కాలేజీలకి పంపితే, అక్కడి న్యూరాలజిస్టు చూసి చెప్తారు, జిల్లాలో ఉన్న డాక్టరే ఇంజెక్షన్ ఇస్తాడు. మనకన్నా కష్టమైన రోడ్లున్న రాష్ట్రం అది. గుండెపోటుకి ఆంధ్రలో ఇలాంటిదే మొదలుపెట్టారు. చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీసి పెద్దాసుపత్రి కార్డియాలజిస్టుకి పంపడం, ఆయన సలహాతో వేల రూపాయల ఇంజెక్షన్ అక్కడే ఉచితంగా ఇచ్చేయడం, ఆ తర్వాతే పంపడం. నాకు అన్నిటికన్నా ఆశ ఉన్నది ఇందులోనే. డాక్టర్‌ని కదిలించలేనప్పుడు కనీసం ఆయన నిర్ణయాన్ని కదిలించొచ్చు. దాంతోపాటు జిల్లా ఆసుపత్రుల్లో పీజీ, డిప్లొమా సీట్లు పెంచాలి. పీజీలు మూడు నెలలు జిల్లాలో పనిచేయాలన్న నియమం ఇప్పటికే ఉంది, వాళ్ళని అక్కడ ఓపీలో చీటీలు రాయడానికి కాకుండా రాత్రి డ్యూటీలకి వేయాలి.

ఇక మీరు చేయగలిగినవి. మీ జిల్లాలో రాత్రి రెండింటికి సీటీ తీసేది ఎవరు, గవర్నమెంటా ప్రైవేటా, ఫిజీషియన్ ఉండేది ఎక్కడ, పక్షవాతం ఇంజెక్షన్ ఎవరి దగ్గర ఉంది? ఇవి ఇవాళే కనుక్కుని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అతికించండి. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబాటు, ఈ మూడిట్లో ఏది వచ్చినా చివరిసారి మనిషి బాగున్నది ఎన్నింటికో గుర్తుపెట్టుకోండి, డాక్టర్ మొదట అడిగేది అదే. నోట్లో నీళ్ళు పోయొద్దు. స్కాన్ కాకముందు ఆస్పిరిన్ వేయొద్దు. కంగారుపడి బీపీ తగ్గించే మాత్ర నాలుక కింద పెట్టొద్దు, బీపీ ఒక్కసారి పడిపోతే మెదడుకి ఇంకా నష్టం. పెద్ద నగరానికి రాస్తామంటే గొడవ పడకండి, కానీ అడగండి: “సీటీ ఇక్కడే తీసి పంపగలరా? ఏ ఆసుపత్రికి ఫోన్ చేశారు, అక్కడ బెడ్ ఉందా? ఏ మందు ఎన్నింటికి ఇచ్చారో చీటీ మీద రాస్తారా?” దారిలో కరీంనగర్, వరంగల్, నిజామాబాద్ లాంటి ఊళ్ళో ఈ వైద్యం దొరికితే హైదరాబాద్ దాకా పోవడం ఎందుకు? హైదరాబాద్ పేరు వినగానే మధ్యలో ఉన్నవన్నీ వదిలేసి వెళ్ళేవాళ్ళని చాలామందిని చూశాను. పాముకాటుకైతే అసలు నగరం ఆలోచనే వద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగిటికీ ఒకటే మందు, అది దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలోనే ముందు పడాలి.

ఊరివాళ్ళందరూ కలిసి చేయగలిగింది ఒకటుంది. మన ఎమ్మెల్యేని అడిగేటప్పుడు ‘ఇంకో వంద పడకలు’ అని అడుగుతాం. ఈసారి రాత్రి డ్యూటీ రోస్టర్ అడగండి. ఏ విభాగంలో రాత్రి ఎవరున్నారో ఆసుపత్రి గోడ మీద రోజూ రాయమనండి. సమాచార హక్కు కింద ఆరు నెలల్లో రాత్రి ఎన్ని కేసులు పంపారో, ఏ కారణంతో పంపారో అడగండి. ‘మత్తు డాక్టర్ లేరు’ అన్న కారణం ఎన్నిసార్లు వచ్చిందో కాగితం మీద కనిపిస్తే, దాన్ని తోసిపుచ్చడం ఏ అధికారికైనా కష్టం.

అమ్మానాన్నల్ని తెచ్చుకోవాలా అన్నది. ఇప్పుడే వద్దంటాను. పక్షవాతం తర్వాత మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే చెయ్యి ఎక్కువగా కోలుకుంటుంది, అందుకు కావలసింది రోజూ ఫిజియోథెరపీ. అది మీ ఊళ్ళోనే దొరుకుతుంది, తెలిసిన ఇల్లు, తెలిసిన మనుషుల మధ్య ఆయన ఇంకా బాగా చేస్తారు. రెండోసారి రాకుండా ఆపేది బీపీ, షుగర్ అదుపు, డాక్టర్ రాసిన మాత్రలు మానకపోవడం. ఇవి పీహెచ్‌సీలో కూడా ఇస్తారు, వీటికి ఏ నగరమూ అక్కర్లేదు. హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో రోజంతా మీరు ఆఫీసులో ఉండగా ఇద్దరు పెద్దవాళ్ళే ఉంటే, పక్కనే పెద్దాసుపత్రి ఉన్నా ఫోన్ చేసేవాళ్ళెవరు? ఆరు నెలల తర్వాత ఆయన నడక, చెయ్యి ఎలా ఉన్నాయో చూసి, మీ అమ్మగారిని కూడా అడిగి అప్పుడు నిర్ణయించుకోండి. ఈలోపు డిశ్చార్జి సమ్మరీ, సీటీ రిపోర్టు, మందుల చీటీ ఫొటోలు తీసి మీ ఫోన్లోను, పక్కింటివాళ్ళ ఫోన్లోను పెట్టండి. ఫిజియోథెరపీ ఇంకా మొదలుపెట్టకపోతే రేపే మొదలుపెట్టించండి.